గురువులుగా వచ్చి స్నేహితులైనవారు

మన తెలుగు సంఘాల్లో పెద్దవారిని పిలవడానికి మాటలకు కొదువ లేదు. గుడిలో అయ్యగారు, పల్లెలో ఉపదేశకులుగారు, బడిలో పంతులుగారు, కూటాల్లో దైవజనులు. వీటిలో ఏ మాట పలికినా గొంతు కాస్త తగ్గుతుంది, చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. అదే స్నేహితుడు ఎదురైతే గొంతు లేస్తుంది, చెయ్యి భుజం మీదికి వెళ్తుంది. గురువు దగ్గర భయభక్తులు, స్నేహితుడి దగ్గర చనువు. చిన్ననాటి నుంచి మనకు ఇదే అలవాటు. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర దొరకడం అరుదు. ప్రభువు సేవలో అటువంటి మనిషి దొరకడం ఇంకా అరుదు. దొరికినవారు మాత్రం బ్రతికినంత కాలం ఆ మేలు మరువలేరు.

ఇటువంటి స్నేహాన్ని గురించి రాద్దామనుకున్నప్పుడు మాకు మొదట తలపుకు వచ్చినవారు డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. ఆయన పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబాలు తక్కువే. ఆయన కట్టించిన దేవాలయాన్ని గురించి, ఆయన తిరిగిన పల్లెలను గురించి మన పెద్దలు చెప్పగా విన్నాం. అయితే ఆయనను చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించినవారు ఇద్దరున్నారు. ఇద్దరూ పరదేశులు. ఇద్దరూ ఆనాటి లెక్క ప్రకారం ఆయనకు పైమెట్టు మీద నిలబడవలసినవారు. వారు ఆ మెట్టు దిగి వచ్చిన సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈ నెల ఆ ఇద్దరినీ కృతజ్ఞతతో జ్ఞాపకం చేసుకుందాం.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి తామస్ వేదనాయకంగారు ఆ పల్లె సంఘానికి గురువు. చాలా ఏండ్లు ఎదురుచూసి ప్రార్థించిన మీదట కలిగిన బిడ్డ కావడంతో తల్లిదండ్రులు శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. ఆ బిడ్డ పెద్దవాడు కాకముందే తండ్రి ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. తల్లి ఎల్లెనమ్మ కుమారుణ్ణి భయభక్తులలో పెంచింది. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాల దాకా వెళ్ళి చదివారు గాని పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. అప్పటికి ఇరవై ఒక్క ఏండ్ల యువకుడు. చేతిలో పట్టా లేదు, వెనుక ఆస్తి లేదు. కులం లెక్కలు చూసేవారి కండ్లకు ఆయన కులమూ గొప్పది కాదు. క్రైస్తవులలో ఆ లెక్కలు చూసేవారు ఆనాడూ ఉన్నారు.

మరుసటి ఏడు, అంటే 1896లో, అమెరికా నుంచి షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు మన దేశానికి వచ్చారు. ఆయన కాన్సాస్ రాష్ట్రంలో పుట్టి యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. తండ్రి విడిచిపోయిన ఆస్తి ఉండడంతో జీతం మీద ఆధారపడకుండా ప్రభువు పని చేయగలిగారు. ఇద్దరిదీ ఒకే వై.ఎం.సి.ఎ. పని. వయసులో ఎడ్డీ మూడేండ్లు మాత్రమే పెద్ద. కాని తెల్లవారి రాజ్యం నడిచిన ఆ రోజుల్లో తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య దూరాన్ని ఏండ్లతో కొలిచేవారు కారు. ఎడ్డీ ఆజ్ఞాపించేవాడుగానూ అజరయ్య చెప్పింది చేసేవాడుగానూ ఉండిపోయి ఉంటే ఎవ్వరూ తప్పు పట్టేవారు కారు. ఊరంతటికీ అదే పద్ధతి.

వీరిద్దరు ఆ పద్ధతిలో నడవలేదు. దక్షిణ భారతమంతా కలిసి ప్రయాణం చేశారు. విద్యార్థుల మధ్య, సంఘాల మధ్య కలిసి సువార్త చెప్పారు, కలిసి మోకరించి ప్రార్థించారు. ఎడ్డీ కష్టపడి తమిళం నేర్చుకున్నారు. ప్రియ పాఠకులారా, ఈ చివరి మాటను తేలికగా తీసుకోకండి. మన భాష నేర్చుకోవడానికి కూర్చున్న పరదేశి ముందుగా మన దగ్గర విద్యార్థి అవుతాడు. పలకరాని అక్షరం దగ్గర తడబడతాడు, మనం నవ్వితే ఓర్చుకుంటాడు. ఇంగ్లీషులో గురువుగా నిలబడిన మనిషి తమిళంలో శిష్యుడై కూర్చున్న చోట స్నేహానికి తావు దొరికింది.

1902లో అజరయ్యగారు సిలోనులోని యాఴ్పాణం, అంటే జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు సువార్తికులను పంపడం కండ్లారా చూశారు. అంత పాత సంఘమైన తిరునల్వేలి మాత్రం ఇంకా ఎవరినీ పంపలేదు. ఆ బాధ ఆయనను నిద్రపోనివ్వలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ తమ సువార్తికులను పంపడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం, మన తెలుగు నేల. తర్వాత 1905 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, సేరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ పుట్టింది. కె.టి. పాల్‌గారు, అజరయ్యగారు అందులో ముఖ్యులు. భారతీయులే సేవకులు, భారతీయులదే ధనం, భారతీయులదే నాయకత్వం అన్నది దాని నియమం. ఎడ్డీ వంటి పరదేశ స్నేహితులు వెన్నుతట్టారు, ప్రోత్సహించారు, పెద్దపీట మీద మాత్రం కూర్చోలేదు. వెన్నుతట్టేవారు మనకు ఎప్పుడూ దొరుకుతారు. పీట ఖాళీ చేసేవారిని మాత్రం వెతుక్కోవాలి.

మిషనెరీలుగా వెళ్ళండని ఊరూరా యువకులకు బోధిస్తూ తిరిగిన మనిషికి, మరి నా సంగతేమిటన్న ప్రశ్న ఎదురైంది. 1909లో అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. పని వదలి, గురుపట్టం పొంది, డోర్నకల్‌కు మిషనెరీగా వచ్చారు. అప్పటికి ముప్ఫై అయిదేండ్లు. భార్య అన్బు మరియమ్మగారు దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువుకు వెళ్ళిన మొదటివారిలో ఒకరు. ఆ దంపతులు తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. తమిళ లిపిలో లేని మన ఖ, ఘ, ఛ, ఝలను ఆ వయసులో దిద్దుకోవడం ఎలా ఉంటుందో, పిల్లలచేత ఓనమాలు దిద్దించిన తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ మరుసటి ఏడు 1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియా ఖండంవారు ఇరవై మందిలోపే. పరదేశ మిషనెరీలకూ స్వదేశ సేవకులకూ మధ్య సహకారం ఎలా ఉండాలన్న విషయం మీద అజరయ్యగారు మాట్లాడారు. మెప్పు కోరినవాడైతే నాలుగు వందన వాక్యాలు చెప్పి కూర్చునేవాడు. ఆయన అలా చేయలేదు. మిషనెరీలు చేసిన త్యాగాన్ని మనసారా ఒప్పుకున్నారు. ఆ తర్వాత, ఒకే ప్రభువును సేవిస్తూ కూడా తోటి భారతీయ సేవకునితో చెయ్యి కలపనివారిని గురించి, ఇంటికి పిలిచి భోజనం పెట్టనివారిని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మీరు బీదలకు ఆస్తి ఇచ్చారు, శరీరాలనూ అర్పించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అన్న భావంతో ముగించారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని 13వ అధ్యాయాన్ని ఎరిగినవారికి ఆ మాటలు ఎక్కడ నుంచి వచ్చాయో వెంటనే తెలిసిపోయింది. సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరికి కోపమూ వచ్చింది. అయినా ఆ మహాసభలో పలికిన వేలాది మాటల్లో ఈనాటికీ లోకం జ్ఞాపకం పెట్టుకున్నది ఆ ఒక్క మనవినే.

ఈ ప్రసంగాన్ని చాలామంది ఒక ఫిర్యాదుగా చదువుతారు. మాకు మాత్రం అందులో కృతజ్ఞత కూడా వినిపిస్తుంది. అన్నం రుచి ఎరుగనివాడు అన్నం పెట్టమని ఎలా అడుగుతాడు? ఎడ్డీతో కలిసి తిరిగిన ఏండ్లు ఆయనకు లేకపోతే, తెల్లవారంతా ఇంతే అని మనసు విరిగి ఇంట్లో కూర్చునేవారేమో. స్నేహం సాధ్యమేనని ఎరిగినవాడు కనుకనే అది లేని చోట అంత నిబ్బరంగా అడగగలిగారు. తనకు దొరికిన మేలు అందరికీ దొరకాలని అడగడంకంటే, ఆ మేలు చేసినవారిని గౌరవించే మార్గం మరొకటి ఉంటుందా?

ఇక రెండవవారు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు. 1853లో పుట్టిన ఈయన అజరయ్యగారికంటే ఇరవై ఒక్క ఏండ్లు పెద్ద. పేరుపొందిన తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ ఈయనకు తమ్ముడు. కలకత్తా బిషప్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసి, 1899లో మద్రాసు బిషప్ అయ్యారు. చదువుకున్నవారి మధ్య పనిచేసి వచ్చిన ఆ పెద్దమనిషికి తెలుగు పల్లెలు కొత్త పాఠం నేర్పాయి. ఊరి వెలుపల గుడిసెల్లో బ్రతికే మాల, మాదిగ కుటుంబాలు గుంపులు గుంపులుగా క్రీస్తు దగ్గరికి రావడం ఆయన చూశారు. భారతదేశంలో సంఘం పట్నాల్లోని మేడల్లో నుంచి గాక ఆ గుడిసెల్లో నుంచి లేస్తున్నదని గ్రహించారు. ఆ సంఘానికి ఈ దేశపు కాపరే ఉండాలని పట్టుబట్టారు. ఆ కాపరి అజరయ్య అన్నారు.

ఎదిరింపు తక్కువేమీ లేదు. ఒక భారతీయుడి కింద ఇంగ్లీషు మిషనెరీలు ఎలా పనిచేస్తారని కొందరు దొరలు అడిగారు. మనవాళ్లు మాత్రం ఊరుకున్నారా? అజరయ్యగారి పుట్టుకను ఎత్తిచూపి, ఆయన మాకు బిషప్ కావడమేమిటన్న భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పుకోవలసిన సంగతి అది. ఎడింబరో ప్రసంగం అప్పటికే కొందరి మనసుల్లో ముల్లులా ఉంది. ఇటువంటి సమయంలో, కొన్నాళ్లు ఆగుదాం అని చెప్పి తప్పుకోవడం వైట్‌హెడ్‌గారికి ఎంతో సులభం. ఆయన తప్పుకోలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో పదకొండు మంది బిషప్పులు చేతులుంచగా అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఎనిమిదేండ్లు.

ఆ పదవి ఎక్కడ నుంచి వచ్చిందో గమనించండి. డోర్నకల్ అప్పుడు వైట్‌హెడ్‌గారి మద్రాసు డయోసీసు కింద ఉన్న ప్రాంతమే. తన పొలంలో చెక్క కోసి తమ్ముడికి రాసిచ్చినట్టు, ఆయన తన అధికారంలో భాగాన్ని ఇచ్చారు. కాలక్రమంలో కృష్ణా తీరపు తెలుగు సంఘాలు కూడా డోర్నకల్‌లో కలిశాయి. వైట్‌హెడ్‌గారి భార్య ఇసబెల్ అమ్మగారు కూడా అజరయ్యగారి కుటుంబానికి ఆప్తురాలిగానే ఉన్నారు.

ఇదంతా చదువుతుంటే మాకు బర్నబా గుర్తుకు వస్తున్నాడు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో, సౌలంటేనే అందరూ బెదిరిపోతున్నప్పుడు, అతణ్ణి చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకువెళ్ళినవాడు బర్నబా. 11వ అధ్యాయంలో తార్సు దాకా వెళ్ళి వెతికి తెచ్చుకున్నదీ ఆయనే. మొదట్లో లేఖనం వారిద్దరి పేర్లు చెప్పేటప్పుడు బర్నబా పేరే ముందు వస్తుంది. 13వ అధ్యాయం సగం దాటేసరికి వరుస మారిపోతుంది. పౌలు ముందుకు వస్తాడు, బర్నబా వెనక్కి వెళ్తాడు. ఆ మార్పుకు బర్నబా నొచ్చుకున్నట్టు ఒక్క మాట కూడా లేదు. మన గోడపత్రికల మీద పేర్ల వరుస మారితే ఎన్ని సంఘాలు చీలిపోయాయో లెక్క వేస్తే, బర్నబా మౌనం ఎంత విలువైనదో తెలుస్తుంది. తర్వాత మార్కు విషయంలో ఆ ఇద్దరికీ తీవ్రమైన వివాదం వచ్చి వేరైపోయారని కూడా లేఖనం దాచకుండా చెబుతుంది. అప్పుడు కూడా బర్నబా చేసింది పాత పనే. ఎవరూ వద్దన్నవాణ్ణి వెంట తీసుకువెళ్ళాడు.

తనకు దొరికినదాన్ని అజరయ్యగారు ఏం చేశారు? ఎద్దుల బండ్ల మీద, కాలినడకన తెలుగు పల్లెలన్నీ తిరిగారు. ఆయన కింద పనిచేసినవారిలో అధికులు పేరు లేని గ్రామోపదేశకులు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, సాయంత్రం ఆరాధన నడిపి, రాత్రి రోగి పక్కన కూర్చునేవారు వారే. 1930ల నడిమికి డోర్నకల్ డయోసీసులో భారతీయ గురువులు సుమారు 250 మంది, గ్రామోపదేశకులు రెండు వేలకు పైగా ఉన్నారు. ఆ రెండు వేలమందిలో చాలామంది ఒకప్పుడు ఊరి బడి గడప తొక్కనివ్వని కుటుంబాల బిడ్డలు. మరియమ్మగారు వారి భార్యల చదువు సంగతి కూడా చూసుకున్నారు. అయ్యగారికి చదువు చెప్పి అమ్మగారిని వదిలేస్తే పల్లెలో సగం పని ఆగిపోతుందని ఆ దంపతులకు తెలుసు.

బాప్తిస్మం పొందినవారు తమ చెయ్యి తమ తలమీదే పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ తప్పదని పలకాలని ఆయన నేర్పేవారు. పౌలు తనను గురించి కొరింథీయులకు రాసుకున్న మాటను ఆయన పాలేరు నోట పలికించారు. నిన్నటిదాకా దొర ఎదుట తల ఎత్తనివాడు ఇవాళ అపొస్తలుడి మాటను తన మాటగా చెప్పుకుంటున్నాడు. తన కిందివాణ్ణి తోటి పనివాడిగా చూడడమంటే ఇదే కదా.

డోర్నకల్ వెళ్ళినవారు 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆ దేవాలయాన్ని తప్పక చూస్తారు. గుమ్మటాలు, మినార్లు, దేవాలయపు స్తంభాలు, శిల్పాల్లో తామరపువ్వు, సిలువ కలిసి కనబడతాయి. ఇంగ్లండు గుడికి నకలు కట్టకుండా ఈ నేల మీది పనివాళ్లకు తెలిసిన రూపాలనే ప్రభువుకు అర్పించారు. పరదేశులను ప్రేమించిన మనిషి వారికి నీడగా మారిపోలేదని ఆ కట్టడమే చెబుతున్నది.

స్నేహం దూరంవల్ల సడలలేదు. 1911లో ఎడ్డీగారికి ఆసియా అంతటి వై.ఎం.సి.ఎ. బాధ్యత వచ్చి భారతదేశం దాటి వెళ్ళవలసి వచ్చింది. అయినా 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యతను గురించి అజరయ్యగారు తోటి గురువులతో కూర్చున్నప్పుడు, భారతీయులే నిండిన ఆ చిన్న కూటంలో ఎడ్డీగారు కూడా ఉన్నారు. వైట్‌హెడ్‌గారు 1922లో పదవి విరమించి ఇంగ్లండు వెళ్ళిపోయారు. ఎనిమిదేండ్ల తర్వాత, 1930లో, భారతదేశపు పల్లెల్లో క్రీస్తు పనిని గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం వెలువడింది. దాని అట్టమీద వైట్‌హెడ్, అజరయ్య ఇద్దరి పేర్లూ ఉన్నాయి. డెబ్బై ఏడేండ్ల గురువు, యాభై ఆరేండ్ల శిష్యుడు కలిసి రాసిన పుస్తకం అది.

ఇక మన ఇంటి సంగతి కాస్త చూసుకుందాం. మేము ఎరిగిన సంఘాల్లో పెద్ద సేవకుని వెంట పదేండ్లు సంచి మోసిన యువకులున్నారు. కుర్చీలు వేస్తారు, మైకు సర్దుతారు, కారు తలుపు తీస్తారు. భోజనం వేళ లోపలి గదిలో ఒక విస్తరి, బయట అరుగు మీద మరొక విస్తరి. ఆ అబ్బాయికి వాక్యం చెప్పే వరం ఉందని తెలిసినా ఆదివారం ప్రసంగం అప్పగించడానికి మనసొప్పదు. దొరల కాలంలో అజరయ్యగారు ఎడింబరోలో అడిగిన మనవికి ఇప్పుడు జవాబు చెప్పవలసింది దొరలు కారు, మనమే.

మరొక వైపు కూడా ఉంది. కృతజ్ఞత చెప్పడంలో మనం ఉత్సవానికి అలవాటుపడ్డాం. శాలువా కప్పుతాం, దండ వేస్తాం, జ్ఞాపిక చేతికిచ్చి ఫొటో తీయించుకుంటాం. ఆ మరుసటి వారం నుంచి, పదవీ విరమణ చేసిన ఆ అయ్యగారు అద్దె ఇంటిలో మందుబిళ్లలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే గుమ్మం తొక్కేవారు కనబడరు. మనకు మొదటి బైబిలు కొనిచ్చినవారు, మొదటిసారి నిలబెట్టి ప్రార్థన చేయించినవారు, కాళ్లు వణుకుతుంటే ఫరవాలేదు చెప్పు బాబూ అని ముందు వరుసలో కూర్చుని తల ఊపినవారు మనలో ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరున్నారు. వారు బ్రతికి ఉంటే ఈ సంచిక మడిచి పక్కన పెట్టి ఒకసారి వెళ్ళి రండి. శాలువా అక్కరలేదు. వారి పక్కన కూర్చుని ఒక పూట భోంచేసి రండి.

అజరయ్యగారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆ ఏడే ఎడ్డీగారు లోకమంతటా మిషనెరీ పనికి దారి తీసినవారిని గురించి ఒక పుస్తకం ప్రచురించి, గొప్ప గొప్ప పేర్ల సరసన తన పాత స్నేహితుని కథ కూడా రాశారు. శిష్యుడికంటే ఇరవై ఒక్క ఏండ్లు పెద్దవారైన వైట్‌హెడ్‌గారు, శిష్యుని మరణవార్త విన్న తర్వాత మరి రెండేండ్లు బ్రతికి 1947 ఏప్రిల్‌లో కన్నుమూశారు. తరంగంబాడిలో మొదలైన మాట నెరవేరి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది అదే ఏడు సెప్టెంబరు 27న. ముగ్గురిలో ఆ రోజు చూసినవారు ఎడ్డీగారు ఒక్కరే. ఆయన 1963 దాకా జీవించారు.